మందు కొట్టని గోడ

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు ఒడిశా సరిహద్దులో మా గుణుపురం ఇంట్లో అటక ఖాళీ చేశాం. తమ్ముడు నిచ్చెన ఎక్కి ఒక్కొక్కటే దించుతుంటే మరదలు అందుకుంటోంది. నేను కుర్చీలో కూర్చుని "అది పారెయ్యి, ఇది ఉంచు" అంటూ పెత్తనం చేస్తున్నాను. ఇత్తడి గుండిగ, పందిరిమంచం కోళ్ళు, మూతల్లేని ఊరగాయ జాడీలు, మా ముగ్గురి పలకలు. అన్నిటికీ వెనకనుంచి ఒక ఖాకీ గుడ్డ సంచి వచ్చింది. మరదలు దాన్ని గుమ్మానికేసి కొట్టి దులిపింది. ఆ దుమ్ము ముక్కుకి తగలగానే, అరవై దాటిన దాన్నన్న సంగతి మర్చిపోయి "నాన్నొచ్చాడు" అనబోయాను.

సున్నానికీ కలరా ఉండలకీ మధ్యలో ఉంటుంది ఆ వాసన. కాస్త తీపి కూడా. మా చిన్నప్పుడు ఇంటి వాసన అంటే అదే. నాన్న చొక్కా, ఆయన సైకిలు హేండిలు, ఆయన పడుకున్న దిండు, అన్నీ అదే వాసన.

"డి.డి.టి. అది, దోమల మందు" అన్నాను. మరదలు గబగబా చేతులు కొంగుకి తుడుచుకుంది. కొంగుకీ అంటిందని గుర్తొచ్చి కొళాయి దగ్గరికి పరిగెత్తింది. తమ్ముడు నిచ్చెన మీదే పగలబడి నవ్వాడు. మేమిద్దరం ఆ పొడితో అరుగు మీద ముగ్గులు వేసినవాళ్ళం మరి.

* * *

నాన్నది మలేరియా డిపార్టుమెంటు. మొదట సీజన్లో మందు కొట్టే కూలీ, తర్వాత పర్మనెంటై సర్వేలెన్స్ వర్కరు. ఆ పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందరికీ ఆయన "మలేరియా బాబు". నేను రెండో క్లాసులో ఉండగా మాస్టారు "మీ నాన్న ఏం చేస్తాడమ్మా" అని అడిగితే "మందు కొడతాడండీ" అన్నాను. క్లాసులో తెలుగు వచ్చిన పిల్లలందరూ నవ్వారు. ఒడియా పిల్లలకి అర్థం కాలేదు, వాళ్ళకి పక్కవాళ్ళు చెప్పాక వాళ్ళూ నవ్వారు.

ఆ పంపుని స్టిరప్ పంపు అనేవారు. బకెట్లో నిలబెట్టి, కింద ఇనప కమ్మీ మీద కాలు ఆనించి, ఒకడు పిడిని పైకీ కిందకీ కొడుతూ ఉండాలి. రెండోవాడు పొడుగాటి గొట్టం పట్టుకుని గోడ మీద చారలు చారలుగా మందు కొట్టుకుంటూ పోవాలి. చదరపు మీటరుకి ఒక గ్రాము పడాలి. ఎక్కువైతే సరుకు చాలదు, తక్కువైతే దోమ చావదు. ఆ లెక్క చేతికి రావడానికి నాన్నకి ఒక సీజనంతా పట్టిందట. ఏడాదికి రెండు రౌండ్లు. పని అయ్యాక గుమ్మం పక్కన రేకు అచ్చు ఆనించి, జాజు రంగుతో తేదీ, గదులెన్ని, కొట్టినవెన్ని అని ముద్ర వేసేవారు. మా వీధిలో ప్రతి ఇంటికీ ఆ ముద్ర ఉండేది. సంక్రాంతికి గోడలకి సున్నం వేసేటప్పుడు కూడా ఆ చిన్న చదరం వదిలేసేవారు. అది చెరిపితే జైల్లో వేస్తారని ఎవరో పుకారు పుట్టించారు. నాన్నే పుట్టించి ఉంటాడని నా అనుమానం.

"దోమని వెతుక్కుంటూ మనం తిరగక్కర్లేదమ్మా" అనేవాడు. "రక్తం తాగాక దానికి ఒళ్ళు బరువెక్కుతుంది. దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుంది. అక్కడ మనం ఉంటే చాలు." 'మందు ఉంటే' అనేవాడు కాదు, 'మనం ఉంటే' అనేవాడు.

* * *

మా మామ్మకి తొమ్మిది కాన్పులు. బతికినవాళ్ళు ముగ్గురు. పోయినవాళ్ళలో నలుగురు చలిజ్వరంతోనే. వాళ్ళ పేర్లు ఆవిడ ఎప్పుడూ చెప్పేది కాదు, "బల్ల పెరిగి పోనాడు", "బల్ల పెరిగి పోనాది" అంటూ వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టేది. మలేరియా మళ్ళీ మళ్ళీ వచ్చిన పిల్లలకి పొట్టలో ఎడమవైపు ప్లీహం ఉబ్బి, పలకలాగా చేతికి తగిలేది. అదే బల్ల. ఏజెన్సీకి బదిలీ అంటే కిందనుంచి వచ్చిన ఉద్యోగులు మంచాన పడేవారు. కొందరు భార్యాపిల్లల్ని టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో దింపి ఒంటరిగా వచ్చేవారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ లెక్క. 1953లో డి.డి.టి. కార్యక్రమం మొదలైంది. 1960ల మధ్యకి కేసులు లక్ష దగ్గరికి పడిపోయాయి. కోట్ల నుంచి లక్షకి! నాన్న ఈ అంకెలు శ్లోకంలా అప్పజెప్పేవాడు. రోనాల్డ్ రాస్ 1897లో ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని ఆయనకి ఎవరో ట్రైనింగులో చెప్పారు. అప్పట్నుంచి మా ఇంట్లో జెండా పండగ అయిన ఐదు రోజులకి ఇంకో పండగ. అమ్మ చేత పరమాన్నం వండించేవాడు. "తెల్లోడు దోమని కోస్తే మనకి పాయసమేటి" అని మామ్మ గొణుక్కుంటూనే రెండోసారి వడ్డించుకునేది.

నేనూ అప్పా (మా వైపు అక్కని అలాగే అంటాం) తమ్ముడూ ముగ్గురం బతికాం. పుట్టిన ముగ్గురం. మామ్మకి అది నమ్మకం కుదిరేది కాదు. మేము కాస్త పెద్దయ్యేదాకా ఎవరైనా అడిగితే "ప్రస్తుతానికి ముగ్గురు" అని చెప్పేది.

అమ్మవారు కూడా మా కళ్ళ ముందే పోయింది. మా చిన్నమామ్మ ముఖమంతా మశూచి గుంటలు, ఒక కన్ను తెల్లబడిపోయింది. మా తర్వాత పుట్టినవాళ్ళ ముఖాల మీద ఆ గుంటలు చూడలేదు. మా ముగ్గురి జబ్బల మీద మటుకు రూపాయి బిళ్ళంత టీకా మచ్చలున్నాయి. మా అమ్మాయి చిన్నప్పుడు నా మచ్చ మీద వేలు పెట్టి "ఎవరు కొరికారమ్మా" అని అడిగింది.

* * *

పెద్ద బస్సు రోడ్డు దాటి కొండల్లోకి వెళ్తే సవర ఊళ్ళు. నాన్న బీటు అక్కడే. సైకిలు కింద ఊళ్ళో పెట్టి నడక. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్ళి "ఎవరికైనా జ్వరమా" అని అడగాలి. ఉంటే వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం చుక్క తీసి, క్లోరోక్విన్ బిళ్ళలు ఎదురుగా మింగించి రావాలి. ఆ బిళ్ళ చేదు నాలిక మీద మూడు పూటలు ఉంటుంది. నాన్న దాన్ని అరటిపండులో పెట్టేవాడు. పిల్లలు పండు తిని బిళ్ళ ఉమ్మేసేవారు.

సవర భాష కొంచెం నేర్చుకున్నాడు. నేర్చుకోక తప్పదు. ఈ విషయంలో నాన్నకి గురువు గిడుగు రామమూర్తిగారు. ఆయన్ని చూసిందేం లేదు, పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని నిఘంటువు రాసిన మహానుభావుడని విన్నాడంతే. తెలుగువాళ్ళకి గిడుగువారంటే వాడుకభాష. మా నాన్నకి గిడుగువారంటే క్వినైన్. ఆ కొండల్లో తిరిగి తిరిగి ఆయన మలేరియా తెచ్చుకున్నారు. తగ్గడానికి క్వినైన్ వేసుకున్నారు. ప్రాణం నిలిచింది, చెవులు పోయాయి. భాష వినడానికి వెళ్ళిన మనిషికి చెవులు పోవడమేమిటని నేను ఏడుపుమొహం పెడితే, నాన్న "చెవులు పోయాకే కదమ్మా నిఘంటువు రాసింది" అన్నాడు. బిళ్ళ ఇచ్చే ముందు నాన్న ఎప్పుడూ మోతాదు రెండుసార్లు లెక్కపెట్టేవాడు.

ఒక రాత్రి అన్నం దగ్గర ఈ గోడ కథ చెప్పాడు. అమ్మ, నేను, అప్ప విన్నాం. తమ్ముడు నిద్రపోయాడు.

కొండమీది ఒక ఊళ్ళో, చివరి ఇల్లు. ఒకటే గది. ముసలమ్మ, కోడలు, ఇద్దరు పిల్లలు. లోపల గోడ మీద సవరల బొమ్మ ఉంది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీసినది. గుర్రమెక్కినవాళ్ళు, గొడుగు పట్టినవాళ్ళు, నెమళ్ళు, సూర్యుడు, ఒక పక్కన సైకిలు తొక్కుతున్న మనిషి. ఇడిటాల్ అంటారు వాళ్ళు. అది అలంకారానికి గీసేది కాదు. ఇంట్లో జబ్బు తగ్గాలని, పోయినవాళ్ళు శాంతించాలని పూజారి చెప్పినట్టు గీయిస్తారు. ఆ బొమ్మ గీయించింది పిల్లల జ్వరం తగ్గాలనే. డి.డి.టి. కొడితే తెల్లటి పొర కమ్మేస్తుంది. ముసలమ్మ వెళ్ళి ఆ గోడకి వీపు ఆనించి నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. "నన్ను కొట్టి, తర్వాత దాన్ని కొట్టు" అంది.

ఊరిపెద్ద గొమాంగో వచ్చి నచ్చచెప్పబోయాడు. పంపు కొట్టే కుర్రాడు బకెట్ దగ్గర చెమటలు కక్కుతున్నాడు. నాన్న గొట్టం దించేశాడట. మూడు గోడలు కొట్టి, నాలుగోది వదిలేసి, బయట ముద్ర వేసేసి వచ్చేశాడు.

"మరి ఆ గోడ మీద దోమ వాలితేనో" అంది అప్ప.

"బొమ్మలు చూసుకుని ఎళ్ళిపోద్ది" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఇన్‌స్పెక్టరుకి ఎక్కడా అనొద్దని మాకు చెప్పాడు. ఆ రాత్రి మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

* * *

నల్లుల సంగతి చెప్పకపోతే అన్యాయం. మొదటి రెండేళ్ళు మందు కొట్టగానే నల్లులు కూడా చచ్చేవి. అందుకే జనం తలుపులు బార్లా తెరిచారు. దోమ చచ్చిందో లేదో ఎవరికి కనిపిస్తుంది? నల్లి చస్తే మంచం చెబుతుంది. మూడో ఏడు నుంచి నల్లులు చావడం మానేశాయి. "ఏటి బాబూ, నీ మందు తాగి బలిసిపోనాయి" అని ఆడవాళ్ళు నాన్నని నిలదీసేవారు. దోమలు కూడా అదే దారి పట్టాయని ఆఫీసుకి తర్వాత తెలిసింది. నల్లులు ముందే చెప్పాయి, వినేవాడు లేకపోయాడు.

మా పిల్లి చచ్చిపోయింది కూడా అప్పుడే. మందు కొట్టిన గోడకి ఒళ్ళు రాసుకుని నాక్కునేది. రెండు రోజులు వణికి, పొయ్యి పక్కన పడి చనిపోయింది. "ఎలక మందు తిని ఉంటుంది" అన్నాడు నాన్న. మా వీధిలో ఎవరింట్లోనూ ఎలక మందు లేదు. రాత్రి నేను మేలుకుని చూస్తే, లాంతరు పెట్టుకుని పెరట్లో గొయ్యి తీస్తున్నాడు. పిల్లికి అంత లోతు గొయ్యి ఎందుకా అనుకున్నాను.

డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు, అదీ వైద్యానికి. 1989లో మన దేశంలో పొలాల్లో వాడటం నిషేధించారు, దోమలకి మటుకు ఉంచారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం దాన్ని 'బహుశా క్యాన్సరు కలిగించేది' అన్న జాబితాలో వేసింది. మట్టిలో, చేపలో, తల్లిపాలలో చేరి ఏళ్ళ తరబడి పోదని చదివినప్పుడు నేను నా జబ్బలు తడుముకున్నాను. మా అమ్మ పాలు తాగినవాళ్ళం ముగ్గురం. ఆ మందు లేకపోతే పాలు తాగడానికి ముగ్గురం ఉండేవాళ్ళమా? ఈ లెక్క నేను చాలాసార్లు వేశాను. ఎప్పుడూ చివర ఏదో ఒకటి మిగిలిపోతుంది.

నాన్న తొంభై దాటి బతికాడు. చివరి పదేళ్ళు చేతులు వణికేవి. అది వయసో, మందో, ఏ డాక్టరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

* * *

ఎమర్జెన్సీ వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పటికే చాలా ఊళ్ళలో కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మలు ఉండేవి, ఎవరూ వాటిని పట్టించుకునేవారు కాదు. ఉన్నట్టుండి నాన్నకి ఇంకో ఉద్యోగం తగిలింది. నెలకి ఇన్ని 'కేసులు' తేవాలి. కేసు అంటే ఆపరేషనుకి ఒప్పుకున్న మగవాడు. మాస్టర్లకీ అదే టార్గెటు, గ్రామసేవకులకీ అదే. తేకపోతే జీతం ఆగుతుంది. ఉత్తరాదిలో జరిగినంత ఘోరం మా వైపు జరగలేదు, కానీ జీతం ఆగిన ఇంట్లో ఆ తేడా ఏం తెలుస్తుంది? 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకి పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఒకటి మా నాన్నది. టార్గెటుకి ఒకటి తక్కువైతే ఆయనే వెళ్ళి చేయించుకుని వచ్చాడు.

ఇంట్లో పెద్ద రభస. మామ్మ గుండెలు బాదుకుంది, బిడ్డ ఇక బరువులెత్తలేడని. అమ్మ అసలు మాట్లాడలేదు. మూడో రోజు పొయ్యి ఊదుతూ ఊదుతూ "ఒక్క మాట నాతో అనలేకపోయావా" అంది. అంతే.

కేసు అంటే డబ్బు కూడా. అందుకే వచ్చినవాళ్ళలో మనవలున్న ముసలాళ్ళు, పెళ్ళి కాని కుర్రాళ్ళు కూడా ఉన్నారు. నాన్న ఒక ముసలాయన్ని తెచ్చాడు. భార్య పోయి పదేళ్ళయింది ఆయనకి. రెండెకరాలు తాకట్టులో ఉంది. ఆ డబ్బు దేనికీ చాలలేదు. ఆ తర్వాత సంతలో కనిపిస్తే నాన్న పక్క సందులోకి తిరిగేవాడు.

కొండమీద ఇంకో సంగతి జరిగింది. నాన్న సంచి కనబడగానే మగవాళ్ళు అడవిలోకి పరిగెత్తడం మొదలుపెట్టారు. పొలంలో నాగలి వదిలేసి మరీ. ఏళ్ళ తరబడి పదిహేను రోజులకోసారి వెళ్ళి, అరటిపళ్ళు పెట్టి, వాళ్ళ మాటలు నేర్చుకుని సంపాదించుకున్న గుమ్మాలన్నీ రెండు నెలల్లో మూసుకుపోయాయి. వేలు గుచ్చుతానంటే "దీన్ని కూడా అందుకే తీస్తావు" అన్నారట. సంచి అదే, మనిషి అదే. లోపల ఏ కాగితం ఉందో వాళ్ళకెలా తెలుస్తుంది?

మలేరియా కూడా అప్పుడే తిరగబడింది. 1976లో దేశంలో 64 లక్షల కేసులు. దోమ డి.డి.టి.కి అలవాటు పడింది, సరుకు సమయానికి అందలేదు, జబ్బు పోయిందనుకుని డబ్బు తగ్గించారు. ఇవన్నీ పుస్తకాల్లో రాసిన కారణాలు. మా నాన్న వీటికి ఇంకోటి కలిపేవాడు: "మా మొహం చూసి తలుపేసుకున్నారు." ఆయన బీటు మటుకు ఆ ఏడాది జ్వరాలతో మూలిగింది.

1977లో ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం పోయింది. ఆఫీసులో బోర్డు మీద ఫ్యామిలీ ప్లానింగ్ తుడిచేసి 'కుటుంబ సంక్షేమం' అని రాశారు. పెయింటర్ ఎర్ర త్రికోణం అలాగే ఉంచేశాడు.

* * *

నా పెళ్ళయి ఆంధ్రలో పాతపట్నం వైపు వెళ్ళాను. ఇద్దరు పిల్లలయ్యాక ఆపరేషను చేయించుకోవాలన్నది ఎవరూ చెప్పక్కర్లేని విషయం. నేనే చేయించుకోవాలన్నది కూడా.

ఒక స్కూల్లో క్యాంపు. బెంచీలన్నీ వరండాలోకి లాగేశారు. మోచేతి దగ్గర ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద బాల్‌పెన్నుతో నంబరు రాశారు. నాది 41. లోపలికి వెళ్ళాను, బయటికి మోసుకొచ్చారు. కళ్ళు తెరిచేసరికి నేల మీద, చాప మీద, రెండు వరసల ఆడవాళ్ళ మధ్య ఉన్నాను. గోడ మీద నల్లబల్ల, దాని మీద సగం చెరిగిన గుణింతం. పుష్యమాసపు చలి. నా పక్కన 40వ నంబరు పళ్ళు కటకటలాడిస్తోంది. ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి. నేను లాక్కుంటే ఆమెకి లేదు, ఆమె లాక్కుంటే నాకు లేదు. చివరికి ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని పడుకున్నాం. ఆమె పేరు కూడా నేను అడగలేదు. నా కుట్టు చీము పట్టి మూడు వారాలు పట్టింది మానడానికి.

కబురు తెలిసి నాన్న మర్నాడు వచ్చాడు. స్కూలు గేటు బయట రావిచెట్టు కింద కూర్చుని లోపలికి రాలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు బండిలో నా పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మగాడికైతే పది నిమిషాల పనమ్మా. మగాళ్ళని అడిగే మొహం మేమే లేకుండా చేసుకున్నాం. ఆ అప్పు మీరు తీరుస్తున్నారు."

ఆపరేషను మీద నాకు ఫిర్యాదు లేదు. ఇద్దరితో ఆగబట్టే నేను ట్రైనింగు చేశాను, టీచరునయ్యాను, నా జీతంతో పిల్లల్ని చదివించాను. మామ్మ తొమ్మిది కాన్పుల జీవితం నాకు వద్దు. నా ఫిర్యాదంతా ఆ నేల మీద, ఆ ఒక్క దుప్పటి మీద. 2014లో బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఆపరేషన్లయ్యాక పదిమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారన్న వార్త చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను. 40వ నంబరు ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులు మూడేళ్ళలో ఆపేయమంది.

ఈ సరిహద్దు వేళాకోళం ఒకటుంది. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1990లలో అటు ఒడిశాలోనూ ఇటు ఆంధ్రలోనూ రూలు పెట్టారు. 2024లో ఆంధ్రలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. మా మరదలి అన్నయ్యకి ముగ్గురు పిల్లలు. ఆయన గుణుపురం పక్క పల్లెలో ఉంటే వార్డు మెంబరుకి పనికిరాడు, బస్సెక్కి పాతపట్నం వస్తే సర్పంచి కావచ్చు. నాన్న ఉంటే నవ్వేవాడో, ఏమనేవాడో.

* * *

చిన్న రైలు గురించి రాయాలని కూర్చున్నాను నిజానికి. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వచ్చే ఆ రైల్లో దిగి, పూలు కోసుకుని, మళ్ళీ పరిగెత్తి ఎక్కొచ్చు. 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. ఇప్పుడు త్వరగా వస్తుంది, ఎవరూ దిగి పూలు కొయ్యరు. దాని గురించి ఇంకోసారి.

చోడి అంబలి గురించి కూడా. మా ఇంట్లో పొద్దున్నే అదే. రేషను బియ్యం చవగ్గా వచ్చాక చోళ్ళు కొండమీదివాళ్ళ తిండి అయిపోయి, మేమంతా మూడు పూటలా అన్నం తినే గొప్పవాళ్ళమయ్యాం. ఆకలి పోయింది, అది తక్కువ మాట కాదు. అమ్మకి షుగరు వచ్చింది. డాక్టరు రాసిచ్చిన చీటీలో మొదటి లైను: చోళ్ళు తినండి. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ పెట్టింది, ఆ తర్వాత వాటినే కొంటోంది.

* * *

అటక సర్దుతున్న రోజునే ఆశా కార్యకర్త వచ్చింది, ఇంటింటికీ జ్వరాలు అడుగుతూ. పాతికేళ్ళుంటాయేమో. సంచిలో గాజుపలకలు లేవు, చిన్న ప్లాస్టిక్ కిట్ ఉంది. చుక్క రక్తం వేస్తే పావుగంటలో అక్కడే గీత కనబడుతుంది. నాన్న తీసిన పలక జిల్లా ఆఫీసుకి వెళ్ళి ఫలితం వచ్చేసరికి ఒక్కోసారి నెల దాటేది. ఒడిశాలో మారుమూల ఊళ్ళకి 2017లో 'దమన్' అని కార్యక్రమం పెట్టి, జ్వరం లేనివాళ్ళకి కూడా పరీక్షలు చేసి, మందు పట్టిన దోమతెరలు కోటికి పైగా పంచారు. ఆ ఏడాది మూడున్నర లక్షల దగ్గరున్న కేసులు మరుసటి ఏడాదికి 70 వేల లోపుకి పడ్డాయి.

"తెరలు కట్టుకుంటున్నారా?" అని అడిగాను.

"కట్టుకుంటారండి. కొందరు వాగులో చేపలకి కూడా కడతారు" అంది నవ్వుతూ. "నేను గోల చేస్తే చేపలు వండి పెడతారు. తిని వచ్చేస్తాను."

ఆమె సవర అమ్మాయి. తెలుగు, ఒడియా రెండూ గలగలా మాట్లాడుతోంది. నాన్న ఆ ఊళ్ళు తిరిగేవాడని చెప్పాను. ఆమెకి తెలియదు. ఎందుకు తెలుస్తుంది?

ఆమె వెళ్ళాక తమ్ముడు ఖాకీ సంచిని బోర్లించాడు. తుప్పు పట్టిన గుచ్చే సూది డబ్బా, రెండు గాజుపలకలు, జాజు మరక పడ్డ రేకు అచ్చు, గుడ్డ అట్ట నోట్‌బుక్ ఒకటి. ఆఫీసు రిజిస్టరు కాదు, సొంతానికి రాసుకున్నది. ఎన్నో ఏళ్ళ పుస్తకాల్లో అదొక్కటే దాచుకున్నాడు. ఎందుకు దాచాడా అని పేజీలు తిప్పాం.

ఒక పేజీలో కొండమీది ఊరు, చివరి ఇల్లు. "గదులు 1. కొట్టినవి 1." పక్కన ఏమీ లేదు.

మూడు నెలల తర్వాత పేజీ. అదే ఇల్లు. "ఆడపిల్ల, 5 సం. చలి, జ్వరం. పలక తీశాను. బిళ్ళలు ఇచ్చాను." కింద వేరే సిరాతో "పాజిటివ్" అని. తర్వాత రోజు తప్పించి రోజు అదే ఇల్లు ఉంది. పదిహేను రోజులకోసారి వెళ్ళాల్సిన ఇంటికి, అంత ఎక్కుడు ఎక్కి. "జ్వరం ఉంది." "జ్వరం ఉంది. గంజి తాగింది." "తగ్గింది." "లేదు." "లేదు. ఆడుకుంటోంది." పిల్ల ఆడుకుంటోందని రాసిన తర్వాత కూడా ఇంకో నాలుగుసార్లు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ "లేదు" అని మాత్రం రాశాడు.

ఆ పిల్లని కుట్టిన దోమ ఆ గోడ మీద వాలిందో, ఇంకెక్కడ వాలిందో. మిగతా మూడు గోడల మీద మందు ఉంది కదా. నాన్న ఈ సంగతి మాతో ఎప్పుడూ అనలేదు. మజ్జిగ పోసుకోకుండా లేచిన ఆ రాత్రి తర్వాత ఆ గోడ మాటే ఎత్తలేదు.

తమ్ముడు ఇంకో రెండు పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాడు. తర్వాతి రౌండు. అదే ఊరు, అదే చివరి ఇల్లు.

"గదులు 1. కొట్టినవి 1."

"ఈసారి కొట్టాడంటావా అప్పా?" అన్నాడు.

పంపు కొట్టిన కుర్రాడు పోయి కూడా చాలా ఏళ్ళయింది. నేను ఆ పేజీని వెలుతురుకి పెట్టి చూశాను. నాన్న చేతిరాత రెండుచోట్లా ఒకేలా ఉంది.